చూసినవాడి గీత

నీళ్లు మళ్లీ మాయమయ్యాయి.

చిన్నమేస్త్రి బానెట్ కింద తల దూర్చి, కూలెంట్ డబ్బా మీద వేళ్లు ఆనించి కొలిచాడు. పై గీతకు మూడు వేళ్లు తక్కువగా ఉంది మట్టం. పోయిన గురువారం తన చేత్తోనే పై గీత దాకా నింపాడు. అంతకుముందు గురువారం కూడా నింపాడు. రెండుసార్లూ సరిగ్గా మూడు వేళ్లే తగ్గింది. రెండున్నర కాదు, నాలుగు కాదు. కారిపోయే నీళ్లకు అంత క్రమశిక్షణ ఎక్కడిది?

"ఏరా చిన్నోడా, దొంగ దొరికాడా?" వెనకనుంచి అక్క అడిగింది.

"దొంగైతే ఈపాటికి దొరికేవాడే. ఇదేదో దెయ్యం పనిలా ఉంది."

"దెయ్యమైతే నాకేం భయం లేదు. మీ బావతో ముప్ఫై ఏళ్లు కాపురం చేసినదాన్ని."

అతనికి నలభై ఆరేళ్లు. చెవుల దగ్గర నెరిసింది. వీధి మొత్తానికి చిన్నమేస్త్రి. అక్కకు మాత్రం ఇంకా చిన్నోడే. ఆవిడ బట్టలు కుట్టే మనిషి. మెడలో కొలత టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్లు లేరు. నిద్రలో కూడా తియ్యదని బావ చెప్పేవాడు. కుట్టినవి ఇంటింటికీ చేరవేయడానికి ఒక పాత నీలం కారు కొనుక్కుంది. ఇప్పుడు ఆ కారుకే వచ్చింది ఈ మాయరోగం.

"వచ్చే శనివారం ఆ కొండ అవతలి స్కూలుకి మూడొందల యూనిఫారాలు దించి రావాలి," అంది అక్క. "రానూ పోనూ రెండొందల కిలోమీటర్లు. దారిలో బండి ఉడికిపోతే నన్ను మోసుకొచ్చేది నువ్వేనా?"

"తేలేదాకా ఈ బండి ఊరు దాటడానికి వీల్లేదు."

"నీకు చేతకాకపోతే చెప్పు. పెద్దోడి దగ్గరికి తీసుకెళ్తాను."

చిన్నమేస్త్రి చేతిలోని గుడ్డతో తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

మొదటి వారం అందరూ చూసేవే చూశాడు. పైపులు నొక్కి చూశాడు. రేడియేటర్ రెక్కల మధ్య తడి లేదు. వాటర్ పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం పొడిగా ఉంది. లోపల హీటర్ కారుతుందేమోనని ముందు సీటు కింద తివాచీ ఎత్తి అరచేయి ఆనించాడు. దుమ్ము తప్ప చెమ్మ లేదు. రెండో వారం చేతి పంపు బిగించి లోపలికి గాలి ఒత్తిడి ఎక్కించాడు. ఎక్కడైనా సూదిమొనంత సందు ఉన్నా మీటరు ముల్లు దిగాలి. అరగంట కూర్చుని చూస్తే ముల్లు దిగలేదు సరికదా, వణకనైనా లేదు. అయినా మనసు ఒప్పక మూత మార్చాడు. ఏడు పైపు క్లిప్పులనూ మళ్లీ బిగించి, ఒక్కోదాని పైన తెల్లరంగు పెన్నుతో గీత గీశాడు. సగం గీత క్లిప్పు మీద, సగం పైపు మీద. బిగింపు ఏ మాత్రం కదిలినా గీత విరిగిపోతుంది. ఇవాళ చూస్తే ఏడు గీతలూ చెక్కుచెదరలేదు.

డబ్బా మూత తీసి లోపలికి టార్చి వేశాడు.

నీళ్ల మీద నూనె. చిన్న జిడ్డు పొర, పావలా బిళ్లంత, రంగులు తిరుగుతూ తేలుతోంది.

నీళ్లలో నూనె కనిపిస్తే మేస్త్రీలు పెద్దగా మాట్లాడరు. ఇంజన్ తల కింద ఉండే గాస్కెట్ పోయిందని అర్థం. ఇంజన్ విప్పాలి. అక్క వైపు చూడకుండా అలమారాలోంచి గాజు గొట్టం తీశాడు. అందులో నీలం ద్రావకం పోశాడు. ఇంజన్ నడుస్తుండగా డబ్బా మూతి దగ్గర పెట్టి గొట్టంలోకి గాలి లాగాడు. పొగ నీళ్లలోకి వస్తుంటే నీలం కాస్తా పచ్చబడుతుంది. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. నీలం నీలంగానే ఉంది.

మరి నూనె ఎక్కడిది? వేలితో తీసి రుద్ది చూశాడు. నలుపు లేదు. మాడు వాసన లేదు. పలచగా, నీళ్లలా జారిపోతోంది. ఎక్కడో బాగా ఎరిగిన జిడ్డే. నాలుక చివర ఉన్న పేరులా ఊరించింది కాని గుర్తుకు రాలేదు.

"ఏంట్రా, మొహం అలా పెట్టావు? చెప్పు, బతుకుతుందా?" అంది అక్క.

"రంగు మందు వేస్తాను. వారం తిప్పు. ఎక్కడ కారినా నీలం లైటు కింద మెరుస్తుంది. ఎంత గొప్ప దొంగైనా మరక వదలకుండా పోలేడు."

"ఎంత గొప్ప దొంగైనానా?" అక్క టేపు కొస వేలికి చుట్టుకుంటూ నవ్వింది. "సరే, వేయి."

ఆవిడ బండి వీధి మలుపు తిరిగేదాకా చూసి, చిన్నమేస్త్రి షెడ్డు లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా గోడకు రెండు మేకులు. ఒకదానికి అతని పని చొక్కా. రెండోది ఆరేళ్లుగా ఖాళీ.

అది అన్న పెద్దమేస్త్రి మేకు.

నాన్న లారీలు బాగుచేసేవాడు. ఆయన పెట్టిన నియమం ఒకటే. ఏ బోల్టు అయినా బిగించేవాడు ఒకడు, చూసేవాడు ఇంకొకడు. బిగించినవాడి గీత పైన. చూసినవాడి గీత కింద, కనిపించని వైపు. అలా ఎందుకంటే, కింద గీత గీయాలంటే ఒళ్లు వంచక తప్పదు. "వంగి చూడనివాడు చూసినట్టు కాదురా," అనేవాడు నాన్న. రెండు గీతలూ పడకుండా ఏ బండీ షెడ్డు దాటదు. అన్నదమ్ములిద్దరూ పద్దెనిమిదేళ్లు అలాగే చేశారు. పైన తమ్ముడి తెల్ల గీత. కింద అన్న పసుపు గీత. అన్నకు ఎడమచేతి వాటం. అతని గీత చివర చిన్న కొక్కెం తిరిగి ఉండేది, పిల్లి తోక మడిచినట్టు.

ఆరేళ్ల కిందట ఒక రోజు అన్నకు పన్ను పోటు. చెంప బూరెలా ఉబ్బింది. మాత్ర మింగి లోపల బల్ల మీద పడుకున్నాడు. పశువుల డాక్టరు కారుకు ఆయిల్ మార్చి ఇవ్వాలి. ఆయన గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. చిన్నమేస్త్రి ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్ బోల్టును చేత్తో తిప్పాడు. ఈలోగా ఎవరో పిలిచారు, వెళ్లాడు. తిరిగొచ్చి, పానా పట్టానో లేదో అని ఒక్క క్షణం అనుమానపడ్డాడు. పట్టే ఉంటాననుకుని గీత గీశాడు. కింద గీత మిగిలింది. అన్నను లేపాలి. అన్న మూలుగుతున్నాడు. మేకుకున్న అన్న చొక్కా జేబులోంచి పసుపు పెన్ను తీశాడు. కొక్కెంతో సహా తనే గీసేశాడు.

అరవై కిలోమీటర్ల అవతల బోల్టు ఊడిపోయింది. ఆయిల్ మొత్తం రోడ్డు పాలు. మనిషికి ఏమీ కాలేదు కాని ఇంజన్ ముద్దయిపోయింది.

డాక్టరు లాగించుకొచ్చిన కారు కిందికి అన్న టార్చి పట్టుకుని దూరాడు. బోల్టు పోయినా, చాంబర్ మీద పడిన సగం గీత అక్కడే ఉంది. అన్న చాలాసేపు బయటికి రాలేదు. వచ్చి, డాక్టరు కళ్లలోకి చూస్తూ అన్నాడు: "కింద గీత నాది. మాత్ర మత్తులో సరిగ్గా చూసి ఉండను. తప్పు నాదే."

చిన్నమేస్త్రి నోరు తెరవలేదు.

నెల తిరక్కుండా అన్న పట్టాల అవతల వేరే షెడ్డు పెట్టుకున్నాడు. చొక్కా తీసుకుని వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగాడు. "ఏమైనా చెప్పాలారా?" అని అడిగాడు. తమ్ముడు, "ఏం లేదు," అన్నాడు.

ఆ రోజు చెప్పనిది ఆరేళ్లుగా లోపలే ఉండిపోయింది. ఒరలో రెండు కత్తులు ఇమడవని వీధివాళ్లు తీర్పు చెప్పేశారు. వాళ్లకేం తెలుసు? తెలియనిది ఇంకొకటుంది, అది చిన్నమేస్త్రికి కూడా తెలియదు. అన్న ఆ గీతను పోల్చుకున్నాడా? లేక, మత్తులో నిజంగా తనే గీశాననుకున్నాడా? పెద్దమేస్త్రి ఇప్పుడు ఒక్కో బోల్టునూ రెండుసార్లు చూస్తాడట, అందుకే పని ఆలస్యమట అని పట్టాల అవతలినుంచి వచ్చేవాళ్లు చెబుతారు. ఆ మాట విన్నప్పుడల్లా చిన్నమేస్త్రికి ఒకటే అనుమానం. తన ఒక్క అబద్ధంతో, ఊళ్లోకెల్లా నమ్మకమైన కళ్లకు వాటి మీద వాటికే నమ్మకం పోయిందేమో.

ఆ రోజునుంచి తన చేతి మీదుగా పోయిన ఏ బండికీ కింద గీత లేదు. వంగి చూస్తాడు. పెన్ను మాత్రం తీయడు.

*

వారం గడిచింది. గురువారం మధ్యాహ్నం నీలం కారు వచ్చి ఆగింది.

"ఎంత తగ్గింది?" అడిగాడు.

"నువ్వే చూడు. నేనేమైనా మేస్త్రినా?"

మూడు వేళ్లు.

చిన్నమేస్త్రి పళ్లు కొరికి షట్టర్ కిందికి లాగాడు. షెడ్డులో చీకటి కమ్ముకుంది. గోడ సందుల్లోంచి మాత్రం దారాల్లా ఎండ పడుతోంది. నీలం లైటు వేశాడు. పైనంతా వెతికాడు. రేడియేటర్, పంపు, పైపుల మలుపులు. ఎక్కడా మెరుపు లేదు. జాకీ వేసి బండి లేపాడు. చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని కిందికి జారాడు.

కింది పైపు క్లిప్పు దగ్గర పచ్చగా, మిణుగురులా ఏదో మెరిసింది.

"దొరికాడు!" అని అరిచాడు.

పక్కన అక్క చెప్పులు ఒక అడుగు వెనక్కి జరిగాయి.

వేలితో తాకాడు. తడి లేదు. రుద్దాడు. పోలేదు. లైటు దగ్గరికి జరిపాడు. అది కారిన మరక కాదు. గీత. పసుపు పెన్నుతో తీరుగా గీసిన గీత, సగం క్లిప్పు మీద, సగం పైపు మీద. చివర కొక్కెం, ఎడమవైపు తిరిగి.

చిన్నమేస్త్రి పక్క క్లిప్పుకు లైటు తిప్పాడు. అక్కడా ఉంది. ఆ పక్కనా ఉంది. పైన తను తెల్లగా గీసిన ఏడింటికీ, అడుగున ఏడు పసుపు గీతలు. పోయిన గురువారం ఇవి లేవు. ఇదే పలక మీద పడుకుని ఇవే క్లిప్పులు చూశాడు. ఈ ఏడు రోజుల్లో ఎవరో వంగి, ఒక్కోటీ చూసి, గీశారు. ఎవరో ఏమిటి? పసుపు పెన్నులు లోకంలో ఎన్నైనా ఉంటాయి. ఆ కొక్కెం ఒక్కటే.

లైటు పక్కకు జారి, వెలుగు ఇంజన్ అడుగున పడింది.

అక్కడ ఎనిమిదో గీత వెలిగింది.

చాంబర్ బోల్టు మీద. ఆ బోల్టును తను ముట్టుకోనే లేదు. పైన తెల్ల గీత లేదు. కింద మాత్రం పసుపు గీత ఉంది. దీని కొక్కెం ఎడమవైపు తిరగలేదు. కుడివైపు తిరిగి ఉంది. కుడిచేతివాడెవడో దొంగతనంగా గీసినట్టు, అన్న కావాలనే గీశాడు.

ఆరేళ్లుగా అతణ్ణి తినేసిన ప్రశ్నకు జవాబు అది. అన్నకు తెలుసు. మొదటి క్షణంనుంచీ తెలుసు.

చిన్నమేస్త్రి పలక మీద ఎంతసేపు ఉండిపోయాడో, "అక్కడే కాపురం పెట్టావా ఏంటి?" అని అక్క వంగి పిలిచేసరికి కదిలాడు. బయటికి జారి, లేచి నిలబడ్డాడు. చేతిలో లైటు ఇంకా వెలుగుతోంది. అక్క మీద పడింది.

అక్క మెడలోని టేపు కొస పచ్చగా మెరుస్తోంది. మొదటి అయిదు అంగుళాలు, దీపావళి కాకరపువ్వొత్తిలా.

ఇద్దరూ ఆ కొస వైపు చూశారు.

"అక్కా."

"చెప్పు నాన్నా."

"ఆ టేపు కూలెంట్ డబ్బాలోకి ఎందుకు వెళ్లింది?"

"కొలవకుండా తీస్తే ఎక్కువ తక్కువలు అవుతాయి కదరా," అంది అక్క తొణక్కుండా. "మూడు వేళ్లంటే మూడు వేళ్లే. డబ్బా మీద కింది గీత దాటనివ్వలేదు. నీ ఇంజన్‌కి ఏమీ కాదు."

"దేనితో తీశావు?"

"మెషీన్‌కి నూనె వేసే సిరంజితో."

చిన్నమేస్త్రి నుదురు కొట్టుకున్నాడు. కుట్టు మెషీన్ నూనె! చిన్నప్పుడు అక్క మెషీన్ కింద కూర్చుని, ఆ పెడల్ చప్పుడుకే నిద్రపోయినవాడు. ఆ జిడ్డు వాసనలోనే పెరిగినవాడు. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా! గాస్కెట్ పోయిందేమోనని వారం రోజులు నాకు నిద్రలేదు. ఇంజన్ విప్పబోయాను!"

"విప్పితే చూద్దామనుకున్నాను. పెద్దోడు మాత్రం మొదటిరోజే పట్టేశాడు. డబ్బా మూత తీసి వాసన చూసి, 'అక్కా, మెషీన్‌కి తక్కువ వేసి కారుకి ఎక్కువ వేస్తున్నావేంటి?' అన్నాడు."

"నువ్వు అన్న దగ్గరికి కూడా..."

"సోమవారం వాడి దగ్గర, గురువారం నీ దగ్గర. ఆదివారం, బుధవారం నీళ్లు తోడటం. నడుము పట్టేసింది నాకు. మీ ఇద్దరినీ ఒక చోట కూర్చోబెట్టాలని ఆరేళ్లు చూశాను. రానంటే రానన్నారు. సరే, మనుషులు రాకపోతే బండైనా అటూ ఇటూ తిరుగుతుంది కదా అనుకున్నాను."

"తెలిసిపోయాక కూడా అన్న ఎందుకు చూశాడు మరి? నీళ్లు కారడం లేదని తెలుసుగా."

అక్క టేపు తీసి, మెరిసే కొసను లోపలికి మడిచింది.

"నీ గీతలు చూడ్డానికి," అంది. "మొదటి సోమవారం రెండు నిమిషాలు చూశాడు. రెండోసారి నువ్వు తెల్లగా గీసి పంపావు కదా, అప్పుడు పలక మీద పడుకుని అరగంట బయటికి రాలేదు. 'చిన్నోడి చెయ్యి ఏం మారలేదక్కా,' అన్నాడు. మొన్న మూత అంచున నీ రంగు మందు కనిపించింది. 'వాడు లైటు వేస్తాడు, నీ చేతులు శుభ్రంగా కడుక్కో,' అని నవ్వి, అప్పుడు తీశాడు పసుపు పెన్ను. చేతులు కడుక్కున్నాను. ఈ పాడు టేపు గుర్తురాలేదు."

చిన్నమేస్త్రి తలకిందులుగా పెట్టి ఉన్న బకెట్ మీద కూలబడ్డాడు.

"అక్కా, ఆ డాక్టరు కారు..."

"ఇప్పుడెందుకురా అది? మత్తులో చూడలేదని వాడే ఒప్పుకున్నాడు. అయిపోయింది."

"అన్న చూడలేదు. గీయలేదు. ఆ కింద గీత నేను గీశాను."

బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. అక్క టేపు చుట్ట విప్పింది. దాంతో అతని భుజం మీద ఒక్కటి వేసింది. తర్వాత ఇంకొకటి.

"ఆరేళ్లా?" అంది. "ఒక్క మాట నోట్లో పెట్టుకుని ఆరేళ్లా? వాడు నా ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నప్పుడల్లా నీ ఖాళీ పీట వైపు చూసి, ఏమీ అడక్కుండా తిని వెళ్లేవాడు. నేను వాణ్ణి మొండివాడనుకున్నాను! మొండివాడని తిట్టాను కూడా!"

"కొట్టక్కా."

"కొట్టేది నేను కాదు. బండి తీసుకుని పో."

"నువ్వూ రా."

"నేను రాను. నేనొస్తే మీరిద్దరూ నాతోనే మాట్లాడతారు."

షట్టర్ పైకి లేచింది. ఎండ ఒక్కసారిగా లోపలికి పడింది. కారెక్కబోతూ చిన్నమేస్త్రి ఆగాడు. "శనివారం ఆ యూనిఫారాలు?"

"పోయిన నెలే ఇచ్చేశాను," అంది అక్క.

*

పట్టాల దాకా ఎనిమిది నిమిషాల దారి. గేటు పడి ఉంది. ఎప్పుడైనా ఇటు పనిపడితే అతను చుట్టూ తిరిగి వంతెన మీదుగా పోయేవాడు, ఆ షెడ్డు కంటపడకుండా. ఇవాళ గేటు ముందు నిలబడి, చెప్పాల్సినదాన్ని నోట్లో తిప్పుకున్నాడు. పొడుగ్గా, కారణాలతో సహా. గూడ్సు బండి పోయింది. గేటు లేచింది. కూర్చినదంతా ఎగిరిపోయింది.

అన్న షెడ్డులో ఒక వ్యాను నిలిచి ఉంది. దాని కిందనుంచి రెండు కాళ్లు బయటికి ఉన్నాయి. ఎడమ పాదం ఊగుతోంది. పని మీద ధ్యాస కుదిరితే అన్న పాదం అలా ఊగుతుంది.

నీలం కారు ఆగగానే పాదం ఆగింది. ఆ ఇంజన్ చప్పుడు అతనికి తెలుసు. చెప్పుల చప్పుడు కూడా తెలిసే ఉంటుంది, అవి అక్కవి కావని.

వ్యాను కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది, అరచేయి పైకి తెరిచి.

"పదమూడు."

చిన్నమేస్త్రి పానాల పెట్టె వైపు తిరిగాడు. వెతకనక్కర్లేదు. తమ షెడ్డులో లాగే ఇక్కడా ఎడమనుంచి మూడోది పదమూడు. తీసి ఆ చేతిలో పెట్టాడు. వేళ్లు తగిలాయి. చెయ్యి లోపలికి వెళ్లింది.

"అన్నా."

పానా నేల మీద పెట్టిన చప్పుడైంది.

"ఆ రోజు కింద గీత నేను గీశాను. పానా కూడా పట్టలేదు. చేత్తో తిప్పి వదిలేశాను. డాక్టరు తొందరపెడుతున్నాడు, నువ్వు మూలుగుతున్నావు. నీ జేబులోంచి పెన్ను..."

"కొక్కెం," అంది లోపలి గొంతు.

"ఏంటి?"

"కొక్కెం కుడివైపు తిప్పావు. ఎడమచేతివాడి గీత అలా తిరుగుతుందా? దొంగసంతకం పెట్టేవాడు ఆ మాత్రం చూసుకోవద్దూ?"

చిన్నమేస్త్రికి నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. ఎదురుగా కాళ్లే ఉన్నాయి కాబట్టి దాచుకోలేదు. "తెలిసి కూడా నీ మీద ఎందుకేసుకున్నావు?"

"డాక్టరు ముందు నిన్నెలా నిలబెట్టను? ఆ సాయంత్రానికి నువ్వే చెబుతావనుకున్నాను. తర్వాత, మర్నాడనుకున్నాను. వెళ్లేటప్పుడు అడిగాను."

"అడిగావు."

"ఏం లేదన్నావు."

"అన్నాను."

పాదం ఒకసారి ఊగి ఆగింది. "లేపాల్సిందిరా," అన్నాడు అన్న. "పన్నుదేముంది? రెండు నిమిషాలు ఆగేది. లేచి చూసేవాణ్ణి."

చిన్నమేస్త్రి నేల మీద పడిన ఒక నట్టును తీసి ఊరికే తిప్పుతూ అడిగాడు: "ప్రతి బోల్టూ రెండుసార్లు చూస్తావట. నీ కళ్ల మీద నీకు నమ్మకం పోయిందేమోనని భయపడేవాణ్ణి."

"కళ్లకేం, దివ్యంగా ఉన్నాయి. బిగించేదీ నేనే, చూసేదీ నేనే. మరి రెండుసార్లు కాక?"

మళ్లీ చెయ్యి బయటికొచ్చింది. ఈసారి తెరిచి లేదు. అందులో పసుపు పెన్ను ఉంది.

"ఇది బిగించడం అయింది. కింద చూసేవాడు లేడు."

ఆ షెడ్డులో రెండో పలక లేదు. చిన్నమేస్త్రి నేల మీదే వెల్లకిలా పడుకుని, వీపు రాసుకుంటూ లోపలికి జరిగాడు. ఆయిల్ మరకలు చొక్కాను పట్టేశాయి. ఆరేళ్ల తర్వాత అన్న మొహం జానెడు దూరంలో కనిపించింది. జుట్టు మొత్తం తెల్లబడింది. కళ్లజోడు ఒక వైపు దారంతో కట్టి ఉంది. అక్క కుట్టు దారం. అన్న అతని వైపు చూడలేదు. టార్చి బోల్టు మీదే నిలిపి ఉంచాడు.

తమ్ముడు పానా వేసి లాగాడు. బోల్టు బిగువుగా ఉంది. మరోసారి లాగాడు. పెన్ను మూత తీశాడు.

"కొక్కెం వద్దు," అన్నాడు అన్న.

"వద్దులే. అది నీది."

తిన్నగా ఒక గీత గీశాడు. చివర వంపు లేకుండా ఆపేశాడు. టార్చి వెలుగులో ఇద్దరూ ఆ తడి గీత ఆరేదాకా చూశారు. అప్పుడైనా ఏదో ఒకటి అడగాలనిపించింది చిన్నమేస్త్రికి. షెడ్డుకి వచ్చేస్తావా? మేకు ఖాళీగానే ఉంది. ఆ మాట నాలుక దాకా వచ్చింది. ఇవాళ దానికి వంతు కాదనిపించి ఊరుకున్నాడు.

బయటికొచ్చి చొక్కా దులుపుకుంటుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఆ బండిలో నీళ్లు నింపావా?"

"లేదు. మూడు వేళ్లు తక్కువే ఉంది. ఇక్కడ కూలెంట్ ఉంటే ఇప్పుడే..."

"నింపకు."

"ఏం?"

"కింద గీత దాటలేదుగా, ప్రమాదం లేదు," అన్నాడు అన్న. "వచ్చే గురువారం తీసుకురా. ఎక్కడ కారుతోందో చూద్దాం."

చిన్నమేస్త్రి తల ఊపాడు. కింద ఉన్న మనిషికి అది కనిపించదని గుర్తొచ్చి, "తెస్తానన్నా," అన్నాడు.

కారు వెనక్కి తీస్తూ అద్దంలో చూశాడు. వ్యాను కింద ఎడమ పాదం మళ్లీ ఊగుతోంది. ఇవాళ గురువారం. ఆరేళ్లు ఎలా గడిచాయో తెలియలేదు కాని, ఈ ఏడు రోజులు ఎలా గడుస్తాయా అని గేటు దాకా ఆలోచిస్తూనే ఉన్నాడు.